మాఫియా లెక్క తేల్చవోయి పానమిచ్చిన పెట్రోసినో

ఇటలీ మాఫియా అంటే మనకు యాదికొచ్చేది సిన్మానే. కోటు, టోపీ, తుపాకి. అసల్కు గా ముఠాలు పరాయి దేశంల ఎన్నున్నయి, ఎంత దూరం పాకినయి అని నూరేండ్ల కిందనే లెక్క తీయవోయిన పోలీసాయన ఒకాయన ఉండె. పేరు జో పెట్రోసినో.

1860ల ఇటలీ దక్షిణాన పాదుల అనే ఊర్ల పుట్టిండు. అయ్య దర్జీ. చిన్నగున్నప్పుడే న్యూయార్క్ పోయిండు. బూట్లు పాలిష్ చేసిండు, సడకులు ఊడ్సిండు. 1883ల పోలీసు నౌకరి దొరికింది. మనిషి పొట్టి, గని ఇటలోళ్ల యాసలు మంచిగొచ్చు. 1905 నాటికి ఇటలీ మాట వచ్చిన పోలీసులతోని ఒక చిన్న దళం కట్టి, ఆయన్ను పెద్దను చేసిన్రు. మొదట్ల ఆయన చేతికింద ఐదుగురే. ఊర్ల ఇటలోళ్లేమో లక్షల మంది!

గప్పుడు నల్ల చెయ్యి అనే పేరు చెప్తెనే జనం గజగజ వణికేది. దుకాణపాయనకు ఉత్తరమొస్తది, కింద నల్ల చెయ్యి బొమ్మ ఉంటది. పైసలియ్యకుంటే బాంబు పేల్చుడు, పిల్లల్ని ఎత్కపోవుడు. పేపర్లేమో గిది సముద్రం దాటొచ్చిన ఒక్కటే పెద్ద రహస్య సంఘమన్నట్టు రాసినయి. ఇటలోళ్లందరి మీద మచ్చ వడ్డది.

పెట్రోసినో లెక్క వేరే. గది ఒక్క సంఘం కాదు, ఎవని ముఠా వానిదే, భయపెట్టేతందుకు ఒక్కటే పేరు వాడుకుంటున్నరు అని ఆయన తేల్చిండు. బాధితులు గుడ ఇటలోళ్లే. గని భయానికి ఠాణా మెట్లు ఎక్కకపోయేది. అంటే పేపర్ల లెక్క ఎక్కువ, ఠాణాల లెక్క తక్కువ. రెండూ నమ్మేటట్టు లేవు.

మరి అసలు లెక్క ఏడున్నది? ఇటలీ కోర్టు కాయితాలల్ల. సొంత దేశంల శిక్ష వడ్డోన్ని, వచ్చిన మూడేండ్ల లోపల వాపస్ పంపొచ్చని 1907ల అమెరికా చట్టం చేసింది. రుజువు కావాలె. గందుకే 1909ల, బిడ్డ ఇంకా నెలల పిల్ల ఉండంగ, ఆయన చాటుగ సిసిలీ పోయిండు. గని గా ముచ్చట ముందే న్యూయార్క్ పేపర్ల అచ్చయింది. మార్చి 12 రాత్రి పలెర్మోల పియాజా మరీనా కాడ కాల్చి సంపిన్రు. వీటో కాస్చో ఫెర్రో మీద అనుమానమొచ్చింది. గని ఎవ్వనికీ శిక్ష పడలె.

న్యూయార్క్‌ల ఆయన సావుకు రెండు లక్షల మందికి పైగ జనమొచ్చిన్రు.

తమ్ముళ్లు, చెల్లెండ్లు, పెట్రోసినో మాఫియా లేదనలే. ఉన్నదాన్ని ఉన్నంతనే కొలువాలన్నడు. ఉబ్బిచ్చి చెప్తే దొంగకే బలం, మంచోనికే మచ్చ. ఫలానోళ్లంత దొంగలేనని ఫోన్ల మెసేజ్ వస్తే, ఫార్వర్డ్ కొట్టే ముందు ఒక్క సవాల్ అడుగున్రి. ఎంతమంది? గా లెక్క ఎవరు వెట్టిన్రు?