మాటలకు కొలువు తీర్చిన వైద్యుడు

మనసులో భావముంటుంది, దానికి తగిన మాట మాత్రము నాలుక చివర నిలిచి పైకి రాదు. కలము పట్టిన ప్రతివానికీ ఎదురయ్యే ఈ ఇబ్బందిని స్వయముగా అనుభవించి, దానికి మందు వెదకిన వైద్యుడు పీటర్ మార్క్ రోజెట్.

ఆయన 1779 జనవరి 18వ తేదీన లండనులో జన్మించినాడు. జినీవానుండి వచ్చి అక్కడ స్థిరపడిన మతాచార్యుడు ఆయన తండ్రి. కుమారునికి నాలుగేండ్ల వయసప్పుడే తండ్రి క్షయవ్యాధితో కన్నుమూసినాడు. తల్లి పెంపకములో పెరిగిన రోజెట్ పందొమ్మిదవ యేట, 1798లో, ఎడింబరో విశ్వవిద్యాలయములో వైద్యపట్టము పొందినాడు. 1803లో ఒక వర్తకుని కుమారులిద్దరికి గురువుగా జినీవాలో ఉండగా ఇంగ్లండుకు, ఫ్రాన్సుకు తిరిగి యుద్ధము మొదలైనది. ఆంగ్లేయులను నిర్బంధించవలసినదని నెపోలియను ఆజ్ఞాపించినాడు. తన తండ్రి జినీవా పౌరుడని నిరూపించి రోజెట్ చెర తప్పించుకొన్నాడు.

తరువాత మాంచెస్టరు ఆసుపత్రిలో వైద్యుడైనాడు. ఉపన్యాసములు సిద్ధము చేసుకొనేటప్పుడు తగిన మాట వెంటనే తోచక, 1805లో తనకోసము ఒక పట్టిక వ్రాసుకొన్నాడు. అక్షరక్రమము విడిచి, భావములను బట్టి మాటలను వర్గములుగా కూర్చినాడు. ఆ చిన్న పుస్తకము దాదాపు యాభై యేండ్లు ఆయన సొంత వాడుకలోనే ఉండిపోయినది.

ఈ మధ్యకాలములో లెక్కలకు ఉపకరించే ఒక కొత్త స్లైడ్ రూలును రూపొందించినాడు. 1815లో రాయల్ సొసైటీ సభ్యుడై, 1827 మొదలు ఇరువది యేండ్లకు పైగా దాని కార్యదర్శిగా పనిచేసినాడు. కష్టములూ తప్పలేదు. ప్రఖ్యాత న్యాయవాదియైన మేనమామ శామ్యూల్ రొమిల్లీ, భార్య పోయిన దుఃఖములో 1818లో ఆత్మహత్య చేసుకొన్నాడు. ఆయనకు చికిత్స చేస్తూ ఆ యింటనే ఉన్న రోజెట్ కాపాడలేకపోయినాడు. 1833లో తన భార్యయు మరణించినది.

కార్యదర్శి పదవి విడిచిన పిదప, డెబ్బై దాటిన వయసులో, పాత పట్టికను మరల చేతికి తీసుకొన్నాడు. అదే 1852లో థెసారస్‌గా వెలువడినది. ఆరు మహావర్గములు, వాని క్రింద వేయి శీర్షికలు. పరస్పర విరుద్ధమైన భావములు ఎదురెదురుగా నిలిచినవి. అమరకోశమును వల్లించిన మనకు ఈ వర్గవిభజన కొత్తది కాదు. తనకు ముందు ఇట్టి ప్రయత్నము చేసిన గ్రంథములలో అమరకోశమునూ, 1808లో శ్రీరామపురములో అచ్చయిన కోల్‌బ్రూక్ ఆంగ్లానువాదమునూ రోజెట్ తన పీఠికలో పేర్కొన్నాడు.

విద్యార్థులు గమనింపదగిన విషయమొకటున్నది. ఈ గ్రంథము మాటలకు అర్థములు చెప్పదు. ఒకదానికి బదులు మరొకటి వాడవచ్చుననీ చెప్పదు. దగ్గరి మాటలను ఒకచోట చేర్చి, ఎన్నిక పాఠకునికే విడుస్తుంది. హౌస్, హోమ్ రెండూ ఇల్లే. కాని మొదటిది కట్టడము, రెండవది తనవారున్న చోటు. ఎలోన్ అంటే ప్రక్కన ఎవరూ లేకుండుట. లోన్లీ అంటే ఆ లేమి మనసును బాధించుట. ఫేమస్, నొటోరియస్ రెండూ పేరు పొందుటను తెలిపేవే; కాని ఒక మహనీయుని నొటోరియస్ అన్నచో పొగడ్త తెగడ్త అవుతుంది. పేరుగాంచిన పండితుడు, పేరుమోసిన దొంగ అనే మన పలుకుబళ్ళలో ఉన్న భేదమే ఇది. పట్టికలో కంటికి నచ్చిన మాటను వ్యాసములోనికి ఎత్తుకొనే విద్యార్థి చిక్కుపడేది ఇక్కడనే. మాట దొరికిన తరువాత నిఘంటువులో దాని అర్థము చూడవలెను. మంచి రచయితలు దానిని ఏ సందర్భములో వాడినారో గమనింపవలెను.

రోజెట్ తుదివరకు ఆ గ్రంథమునకు మెరుగులు దిద్దుతూనే ఉన్నాడు. 1869 సెప్టెంబరు 12వ తేదీన, తొంబదవ యేట, వెస్ట్ మాల్వర్న్‌లో మరణించినాడు. ఆ పనిని మొదట కుమారుడు, తరువాత మనుమడు కొనసాగించినారు. ఒక యువవైద్యుడు తన కొరత తీర్చుకొనుటకు వ్రాసుకొన్న పట్టిక నేటికీ ఇంగ్లీషు వ్రాసేవారికి తోడుగా ఉన్నది. మాటలను ముందుంచుట వరకే దాని పని. వానిలో తగినదానిని ఏరుకొనే వివేకము చదువరి సంపాదించుకోవలసినదే.