తోటలోని తత్త్వవేత్త ఎపిక్యూరస్

సుఖమును కోరని మనుజుడు లేడు. మరణమునకు వెఱవనివాడు అరుదు. ఈ రెండింటిని గూర్చియే జీవితమంతయు విచారించిన మహనీయుడు గ్రీకు తత్త్వవేత్త ఎపిక్యూరస్. అట్టివానికి లోకమున దక్కినది అపకీర్తి. ఇంగ్లీషు భాషలో ఆయన పేరునుండి పుట్టిన మాటకు రుచులు మరిగిన భోజనప్రియుడని యర్థము. మనదేశమున చార్వాకులు పడిన నిందయే గ్రీసు దేశమున ఆయనయు పడెను. ఆయన యెట్లు జీవించెనో తెలిసికొన్నచో ఆ నింద యెంత యన్యాయమో తేటపడగలదు.

ఎపిక్యూరస్ క్రీ. పూ. 341లో సామోస్ ద్వీపమున జన్మించెను. తండ్రి నియోక్లీస్ ఏథెన్సు పౌరుడు. ఆ ద్వీపమున బడిపంతులుగా నుండెను. ఎపిక్యూరస్ తన 18వ యేట ఏథెన్సునకు వెళ్లెను. క్రీ. పూ. 323లో అలెగ్జాండరు మరణించిన పిదప, సామోసునందలి ఏథెన్సువారు వెడలగొట్టబడిరి. ఆ కుటుంబము ఇల్లు వాకిలి విడిచి కొలొఫోనునకు వలసపోయెను. కలిమియు అధికారమును ఎంత యస్థిరములో ఆయన యౌవనముననే కన్నులార చూచెను.

మిటిలీనీ, లాంప్సకస్ పట్టణములలో కొంతకాలము బోధించి, క్రీ. పూ. 306 ప్రాంతమున ఏథెన్సు చేరి, 80 మినాల వెండి వెలకు ఒక తోటను కొనెను. శిష్యులతోను మిత్రులతోను శేషజీవితమును అచటనే గడపెను. స్త్రీలకును బానిసలకును గూడ ఆ తోటలో ప్రవేశముండెను. ఆ కాలమున ఇది సామాన్య విషయము కాదు. వారి యాహారము రొట్టెయు మంచినీరును. ఎప్పుడైన కొంచెము ద్రాక్షసారా. ఒకమారు ఆయన మిత్రునికి జాబు వ్రాసి, విందు చేసికొన దలచినపుడు పనికివచ్చునని చిన్న కుండెడు జున్ను పంపుమని కోరెను. భోగి యని పేరుపడినవాని విందు ఇంతమాత్రమే!

దేహమునకు బాధయు, మనస్సునకు కలతయు లేకుండుటయే సుఖమని ఆయన బోధించెను. ఆకలి దప్పుల వంటి సహజమైన కోరికలు స్వల్పముతోనే తీరును. కీర్తికిని అధికారమునకును పెట్టిన ఆశకు అంతము లేదు. దేహముతోపాటు తెలివియు నశించును గావున, చావులో బాధపడువాడే యుండడనియు, దానికి భయపడుట వ్యర్థమనియు చెప్పెను. ఆత్మ నిత్యమని నమ్మువారికి ఈ వాదము సమ్మతము కాకపోవచ్చును. కాని, ఆయుర్దాయము పరిమితమైనది కనుక నేటి చిన్న సంతోషమును రేపటికి వాయిదా వేయరాదన్న మాట యెల్లరకును గ్రాహ్యమే.

క్రీ. పూ. 294 ప్రాంతమున డెమిట్రియస్ రాజు ఏథెన్సును ముట్టడింపగా నగరమున ఘోరమైన కఱవు పుట్టెను. అప్పుడు ఎపిక్యూరస్ చిక్కుడు గింజలను లెక్కపెట్టి తనవారికి పంచి ప్రాణములు నిలిపెనని ప్లూటార్కు వ్రాసెను.

క్రీ. పూ. 270లో అసలు పరీక్ష వచ్చెను. మూత్రాశయమున రాయి యడ్డుపడి ఆయన 14 దినములు దుర్భరమైన బాధ ననుభవించెను. ఆ స్థితిలోనే ఇడోమెనియస్ అను మిత్రునికి జాబు వ్రాసెను. బాధ పరాకాష్ఠ నందినను, పూర్వము తాము జరిపిన సంభాషణల స్మృతి కలిగించు ఆనందము దానికి ఎదురు నిలిచినదని తెలిపి, తనకంటె ముందే గతించిన శిష్యుడు మెట్రొడోరస్ బిడ్డలను కాపాడుమని కోరెను. మరణశాసనములో నలుగురు బానిసలకు స్వేచ్ఛ నొసగెను. తన పుస్తకములన్నింటిని హెర్మార్కస్ అను శిష్యునికి అప్పగించెను. ప్రతి మాసము 20వ దినమున మిత్రులు కూడుకొను ఆచారమును కొనసాగింపుమనెను.

ఆయన వ్రాసిన సుమారు 300 గ్రంథపు చుట్టలలో అధికభాగము నశించెను. మూడు లేఖలును ఆ మరణశాసనమును మనకు దక్కుటకు, క్రీ. శ. 3వ శతాబ్దివాడగు డయోజెనీస్ లేయర్టియస్ వానిని తన గ్రంథమున చేర్చియుండుటయే కారణము. క్రీ. శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతము పూడ్చివేసిన హెర్క్యులేనియము నగరపు గ్రంథాలయమొకటి 1752లో బయల్పడెను. బొగ్గువలె మాడిన ఆ చుట్టలలో ఎపిక్యూరస్ రచనల ముక్కలును దొరకినవి. పండితులు నేటికిని వానిని చదువుచునే యున్నారు.

పుస్తకమును భద్రపఱచిన చేతులవలన ఒక మానవుని ధైర్యము 2,200 ఏండ్లు దాటి మన గ్రామమునకు చేరినది. ప్రొద్దుగ్రుంకిన వెనుక పనిపాటలు ముగించుకొని, గ్రంథాలయపు అరుగుమీద ఒక పుటయో రెండు పుటలో చదివి, నలుగురితో ముచ్చటించి యింటికి పోవువారికి, ఆయన చెప్పిన సుఖము క్రొత్తది కాదు. అది యెంత విలువైనదో మఱవకుండుటయే మనము చేయవలసినది.