యల్లాప్రగడ సుబ్బారావు
యల్లాప్రగడ సుబ్బారావు (1895 - 1948) ఊపిరితిత్తుల అంటురోగాలకు, బోదకాలు వ్యాధికి మందులు వెలువడడానికి కారకుడైన తెలుగు వైద్య శాస్త్రవేత్త.

విద్యాభ్యాసం

ఈయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటపుడు స్వదేశీ ఉద్యమ ప్రభావంతో ఖద్దరు ధరించి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యాడు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది. కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించి, 1920లలో అమెరికా వెళ్ళాడు.

పరిశోధనలు

హార్వర్డు విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్కేతో కలిసి శరీర ద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని గుర్తించినవారిలో ఈయన ఒకడు. అయినా అక్కడ శాశ్వత పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి, తరువాత అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యాడు. ఈయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజైన్ కూడా ఈ బృందం కృషియే.

ఆరియోమైసిన్

ఈయన ఆధ్వర్యంలో పనిచేసిన బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. 1948లో వెలువడిన ఈ తొలి టెట్రాసైక్లిన్ పెన్సిలిన్‌కు లొంగని కొన్ని రకాల న్యుమోనియాలకు కూడా పనిచేసింది.

మరణం

ఈయన 1948 ఆగస్టులో గుండెపోటుతో మరణించాడు. సహచరుల పేర్లను ముందుంచి తాను వెనుక నిలిచినందున, ఈ మందులతో కోలుకున్నవారిలో పెక్కుమందికి ఈయన పేరు తెలియదు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఈయన స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది.