సోమి చెట్టును లోకానికి తెలిపిన వైద్యుడు: విలియం రాక్స్‌బర్గ్

వేసవి ప్రవేశించగానే మన మహబూబాబాద్, భూపాలపల్లి అడవులలో తునికాకు సేకరణ ఆరంభమవుతుంది. ఉర్దూలో తేందూ అని పిలువబడే ఈ చెట్టుకు శాస్త్రనామం డయోస్పైరాస్ మెలనోజైలాన్. నల్లని కలప గలదని రెండవ పదానికి అర్థం. ఈ పేరు పెట్టిన మహనీయుడెవరో ఎరిగిన విద్యార్థులు అరుదు. వారి కొరకే ఈ జీవితాన్ని సంగ్రహంగా వివరింప దలచినాము.

విలియం రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండ్‌లో జన్మించారు. ఎడిన్‌బరోలో వైద్యంతోపాటు జాన్ హోప్ వద్ద వృక్షశాస్త్రం అభ్యసించారు. 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యునిగా మద్రాసు చేరి, దినదినమూ ఉష్ణోగ్రతను, వాయుపీడనాన్ని, వర్షాన్ని నమోదు చేయసాగారు. 1781లో గోదావరి మండలంలోని సామర్లకోటకు వచ్చి మిరియాలు, నీలిమందు, చెరకు, పట్టు పరిశ్రమలపై ప్రయోగాలు జరిపారు. 1787లో ఇంజరం వద్ద సంభవించిన జలప్రళయంలో ఆయన గ్రంథాలు, సేకరణలు నీటిపాలైనాయి. ఆయన నిరాశ చెందక తిరిగి మొదటి నుండి ఆరంభించారు.

దేశీయ చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వేయించి, ప్రతి మొక్క ఎచ్చట మొలచునో, ఏ ఋతువులో పూచునో, తెలుగువారు దానినేమందురో వ్రాసుకొనడం ఆయన పద్ధతి. రాజమహేంద్రవరం సర్కారు కొండలలోని సోమిడ చెట్టును ఆయన ఇట్లే వర్ణించారు. దాని బెరడు జ్వరహరమని, దక్షిణ అమెరికా నుండి వచ్చే సింకోనా పట్టకు బదులుగా వాడవచ్చునని ఆశించారు. అది సింకోనాకు సాటి కాలేకపోయినా, అనంతరం శాస్త్రజ్ఞులు ఆ ప్రజాతికి సోయిమిడా అని తెలుగు పేరునే స్థిరపరచారు.

సింకోనా చల్లని, తేమగల ఆండీస్ పర్వతాల నడిమి ఎత్తులలో పెరిగే వృక్షం. సోమి ఎండకు ఓర్చుకొనే కొండచెట్టు. ఆ ఆండీస్‌లోనే 1802లో హంబోల్ట్ చింబొరాజో పర్వతమెక్కి, ఎత్తును బట్టి వృక్షజాతులు మారే తీరును గమనించి, 1807లో ప్రకటించారు. వేయి మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. అందువల్లనే తూర్పు కనుమలలో దిగువన ఆకురాల్చే చెట్లు, 900 మీటర్లకు పైబడిన అరకు వంటి చోట కాఫీ తోటలు, తేమ నిలిచే లోయలలో పచ్చదనం వీడని వృక్షాలు కనిపిస్తాయి.

మన ప్రాంతంలో అంతటి ఎత్తులు లేవు. ఇచ్చట భేదం కలిగించేది ముఖ్యంగా వర్షం, నేల. జనగామ మెట్టలలో ముళ్ళపొదలు, మోదుగ. భూపాలపల్లి గోదావరి తీరాన, వర్షమధికమైన చోట, సాగ్వాన్ అనబడే టేకు, నల్లమద్ది. టేకు వేసవిలో ఆకు రాల్చి, ఉన్న తేమను కాపాడుకొంటుంది.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా వృక్షోద్యానానికి అధిపతియైనారు. కోరమండల్ తీర వృక్షాలపై ఆయన గ్రంథం 300 చిత్రాలతో, మూడు సంపుటాలుగా 1795 నుండి 1820 వరకు వెలువడింది. 1790 ప్రాంతపు ఘోరక్షామాన్ని చూచి, కొబ్బరి, ఈత, పనస వంటి కరవునాదుకొనే చెట్లు నాటవలెనని ఆయన కంపెనీని కోరారు. 1813లో భారతదేశం విడచి, 1815లో ఎడిన్‌బరోలో కన్నుమూశారు. ఆయన ప్రధాన గ్రంథం ఫ్లోరా ఇండికా మరణానంతరమే అచ్చయింది.

ఆయన కంపెనీ కొలువులోనివారే. కంపెనీ లాభమే ఆ కొలువుకు మూలం. ఆయనకు చెట్ల పేర్లు చెప్పిన కొండవాసుల పేర్లు చరిత్రకెక్కలేదు. అయితే వారు చెప్పిన పలుకు మాత్రం లాటిన్ రూపంలో ప్రపంచమంతటా నిలిచియున్నది. నేడు తునికాకు కోసే తల్లికి అడవిలోని ప్రతి చెట్టు పేరూ తెలుసును. కళాశాలకు వచ్చిన ఆమె బిడ్డకు తెలియదు. ఈ వేసవి సెలవులలో ఇంటికేగినపుడు, విద్యార్థులు ఒక పుస్తకం పట్టుకొని ఆ తల్లి వెంట నడచి, ఆ పేర్లను తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాసుకొని రావలెనని మా కోరిక.