రాక్స్‌బర్గ్ పండితుడు – తెలుగునాటి చిక్కుడు కుటుంబపు మొక్కలు

మినుము, పెసర, కంది, ఉలవ, అనుము మన చేలలో పండు అపరాలు. జనుము, జీలుగ మన పొలములకు బలమిచ్చు పైరులు. కానుగ ఊరిచెంతను, మోదుగ, వేగిస, సండ్ర అడవులలోను పెరుగు చెట్లు. చూచుటకు వీనికి పోలిక లేదు. అయినను శాస్త్రజ్ఞులు వీని నన్నింటిని ఒక్క కుటుంబముగా లెక్కింతురు. చిక్కుడుకాయవలె రెండు బద్దల నడుమ గింజలు బారుతీరి యుండు కాయయే ఈ కుటుంబమునకు ముఖ్యమైన గుర్తు. లోకమున ఈ కుటుంబమునకు చెందిన జాతులు ఇంచుమించు 20,000 గలవు. మన సీమలోని ఇట్టి మొక్కలను, వాని తెలుగు పేర్లతోడను ఉపయోగములతోడను లోకమునకు తెలిపిన పాశ్చాత్యులలో అగ్రగణ్యుడు విలియం రాక్స్‌బర్గ్ పండితుడు.

ఈయన 1751లో స్కాట్లండు దేశమున ఎయిర్‌షైర్ మండలమునందు జన్మించెను. ఎడింబరో నగరమున వైద్యమును, జాన్ హోప్ అను ఆచార్యునికడ వృక్షశాస్త్రమును అభ్యసించెను. 1776లో ఈస్టిండియా కంపెనీ కొలువున సహాయ వైద్యుడై చెన్నపట్టణము చేరెను. అచ్చట వాయుభారమును, ఎండను, వానను దినదినము కొలిచి వ్రాసిపెట్టుచుండెను. చూచినదానిని వెంటనే వ్రాసికొనుట ఆయనకు జీవితాంతము నిలిచిన నియమము. లిన్నేయసు శిష్యుడైన కోనిగ్ పండితుని స్నేహము ఆయన విద్యకు మెఱుగు పెట్టినది.

1781లో ఆయన సామర్లకోటకు వచ్చెను. అది నేటి కాకినాడ జిల్లాలో నున్నది. రాక్స్‌బర్గ్ అచ్చట తోట వేసి మిరియము, చెఱకు, కాఫీ మున్నగువానిని పెంచి పరీక్షించెను. 1789లో కంపెనీవారు ఆయనను చెన్నరాజధానికి వృక్షశాస్త్రజ్ఞునిగా నియమించిరి. ఆయన ఈ దేశపు చిత్రకారులను కుదుర్చుకొని, మొక్కలను పువ్వు, కాయ, గింజలతో రంగులలో వ్రాయించెను. ఆ చిత్రములలో 300 ఎన్నుకొనబడి, కోరమండల తీరపు మొక్కలను గూర్చిన మూడు సంపుటముల గ్రంథముగా 1795 మొదలు 1820 వఱకు లండనులో వెలువడినవి. ఆ చిత్రములు నేటికిని పండితులకు ప్రమాణములు. వానిని వ్రాసినవారి పేర్లు మాత్రము ఆ పుటలలో కానరావు.

ఆ గ్రంథమున చిక్కుడు కుటుంబపు వృక్షము లనేకములు గలవు. మోదుగనుగూర్చి వ్రాయుచు ఆయన దాని బంకను, పూల రంగును, దానిపై చేరు లక్కనుగూడ విచారించెను. లక్కపురుగును గూర్చి ఆయన సామర్లకోటనుండి వ్రాసిన వ్యాసమును లండనులోని రాయల్ సొసైటీవారు 1791లో ప్రకటించిరి. వేగిసకు, ఇరుగుడునకు నేడు శాస్త్రమున చెల్లుచున్న పేర్లు ఆయన యిడినవే. మోదుగ జాతికి బ్యూట్ ప్రభువను బ్రిటిష్ మంత్రి పేరు దక్కినది. సండ్రకు మాత్రము రాక్స్‌బర్గ్ మన మాటనే లాటిను భాషలో చేర్చి మైమోసా సుండ్రా అని పేరిడెను. మన అడవివాని నోటిమాట ఆ విధముగా శాస్త్రగ్రంథముల కెక్కినది.

తెలుగు పేర్లను వ్రాసియుంచుటవలన కలిగిన మేలునకు మినుము, పెసరలే సాక్ష్యము. రాక్స్‌బర్గ్ తన ఫ్లోరా ఇండికా గ్రంథమున పెసరను ముంగో అనియు, మినుమును రేడియేటస్ అనియు పేర్కొనెను. లిన్నేయసు ఆ పేర్లు పెట్టినది తలక్రిందులుగా ననియు, ముంగో యనగా మినుమే యనియు పిమ్మటి పండితులు నిర్ణయించిరి. ఈ చిక్కువలన పుస్తకములలో చిరకాలము ఒకదానికి బదులు మఱియొకటి లెక్కకు వచ్చినది. అయినను రాక్స్‌బర్గ్ చెప్పిన దే మొక్కయో మనవారికి సందేహము లేదు. లాటిను పేరు ప్రక్కనే తెలుగు పేరు ఉన్నది గదా! లాటిను పేరు తప్పినచోట మన రైతు మాట దారి చూపినది.

అపరాలు నేలకు బలమిచ్చునని మన కృషీవలులు ఎఱిగియే వరికోసిన చేలలో మినుము చల్లుచు వచ్చిరి. ఆ మొక్కల వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిచ్చునని హెల్‌రీగెల్ అను జర్మను పండితుడు 1886లో గాని ప్రకటింపలేదు. అనుభవము ముందు నడచినది. కారణము వెనుక తెలిసినది.

రాక్స్‌బర్గ్ పుణ్యముకొఱకు పనిచేసినవాడని చెప్పరాదు. ఆయన ఏలిక కంపెనీ. దాని గుఱి లాభము. ఈ కుటుంబమునకే చెందిన నీలిమొక్క వంగదేశపు రైతుల కెంత దుఃఖము తెచ్చెనో 1859లో వారు చేసిన తిరుగుబాటే చెప్పుచున్నది. అయినను, 1790 ప్రాంతమున ఉత్తర సర్కారులలో వచ్చిన క్షామమును కన్నులార చూచి, అనావృష్టిలోను అన్నమునకు ఆధారమగు కొబ్బరి, తాటి, పనస మున్నగు చెట్లను విరివిగా నాటింపవలెనని ఆయన ప్రభువులకు వ్రాసెను. ఈ రెండును ఆయన ఖాతాలోనివే.

1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతియై వెడలెను. అచ్చట జనుము, జీలుగ మున్నగువాని నారతో త్రాళ్ళు పేనించి, బరువులు వ్రేలాడగట్టియు, నీట నానవేసియు బలమును పరీక్షించెను. లండనులోని ఆర్ట్స్ సొసైటీవారు ఆయనకు స్వర్ణపతకము లొసగిరి.

ఆరోగ్యము చెడి 1813లో ఈ దేశము విడిచిపోవునాటికి ఆయన ముఖ్యగ్రంథమైన ఫ్లోరా ఇండికా అచ్చు కాలేదు. వ్రాతప్రతిని తన మిత్రుడు, శ్రీరాంపురమున మిషనరీయైన విలియం కేరీ చేతిలో పెట్టెను. 1815లో ఎడింబరోలో కీర్తిశేషుడయ్యెను. తెలుగు వ్యాకరణమును 1814లో ప్రకటించినవాడును ఆ కేరీయే. ఆయన మిత్రుని నమ్మకమును వమ్ము చేయక, 1820, 1824లలో కొంత భాగమును, 1832లో సమగ్ర గ్రంథమును అచ్చొత్తించెను. ఆ ప్రతియే చెదలపాలైయున్న యెడల మన పెసర, మన సండ్ర ఆ పుటలతోనే మఱుగుపడెడివి.

పేరు చెప్పిన రైతు పేరు మనకు తెలియదు. బొమ్మ వ్రాసిన చేయి తెలియదు. వారి యెఱుక మాత్రము కాగితమున కెక్కినందున బ్రతికినది. నేటికిని మన గ్రామములలో విత్తు గుణమును, ఆకు గుణమును ఎఱిగిన వృద్ధులు గలరు. వారు చెప్పునది వినుటకు ఒక చెవియు, వ్రాయుటకు ఒక చేయియు, దాచుటకు ఒక అలమారయు కావలయును. అలమార మన గ్రంథాలయమున ఇరువదియైదేండ్లుగా సిద్ధముగా నున్నది. తక్కిన రెండును యువకులు సమకూర్తురుగాక.