నార్మా అంటే మారియా కల్లాసే.. మూడు రికార్డింగ్‌లలో దాగిన ఒక గొంతు కథ

2024లో ఏంజెలినా జోలీ నటించిన ‘మారియా’ సినిమా చూసినవాళ్లకు ఒపేరా గాయని మారియా కల్లాస్ చివరి రోజులు తెలిసే ఉంటాయి. పారిస్‌లో ఓ ఫ్లాట్, మాత్రలు, ఒంటరితనం. కానీ ఆ గొంతు కోసం ప్రపంచం ఎందుకంత పిచ్చెక్కిపోయిందో తెలియాలంటే సినిమా సరిపోదు. ఆమె పాడిన ‘నార్మా’ వినాలి. ఆ ఒపేరాలో ఆమెవి ముఖ్యంగా మూడు రికార్డింగ్‌లు ఉన్నాయి. 1954, 1955, 1960. గాయని ఒక్కరే, పాత్ర ఒక్కటే. వరసగా వింటే మాత్రం గొంతు ఎలా ఎక్కిందో, ఎలా జారిందో ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసిపోతుంది.

కల్లాస్ 1923 డిసెంబర్ 2న న్యూయార్క్‌లో పుట్టారు. తల్లిదండ్రులు గ్రీకులు. నాన్నది మందుల షాపు. అమ్మానాన్నలకు పడలేదు. 1937లో తల్లి కూతుళ్లను తీసుకుని ఏథెన్స్ వెళ్లిపోయింది. అక్కడ స్పెయిన్ గాయని ఎల్విరా దె ఇదాల్గో దగ్గర కల్లాస్ పాట నేర్చుకున్నారు. లావుగా, కళ్లద్దాలతో ఉండే ఈ అమ్మాయి గొంతులోని బరువును తగ్గించకుండానే, అందులోకి వేగాన్ని తెచ్చిన గురువు ఆమే. యుద్ధం రోజుల్లోనే, 1942లో, ఏథెన్స్‌లో ‘టోస్కా’ పాడేశారు. 1947లో ఇటలీలోని వెరోనాకు వచ్చారు. అక్కడ దొరికిన ఇద్దరు మనుషులు ఆమె జీవితాన్ని మార్చారు. ఒకరు కండక్టర్ టూలియో సెరాఫిన్. రెండోవారు తనకన్నా పాతికేళ్లకు పైగా పెద్దవాడైన వ్యాపారి మెనెగీనీ. 1949లో ఆయన్నే పెళ్లి చేసుకున్నారు.

అదే ఏడాది జనవరిలో వెనిస్‌లో జరిగిందే అసలు మలుపు. అప్పుడు ఆమె వాగ్నర్ ఒపేరాలో బ్రూన్‌హిల్డె పాత్ర చేస్తున్నారు. ఉక్కులాంటి గొంతు కావాల్సిన పాత్ర అది. ఇంతలో ‘ఇ ప్యూరిటానీ’లో పాడాల్సిన గాయనికి ఒంట్లో బాగోలేదు. ఆ పాత్రను కల్లాస్ వారం లోపే నేర్చుకుని స్టేజ్ ఎక్కారు. అది పూర్తిగా వేరే రకం గానం. పిట్ట కూసినంత తేలిగ్గా స్వరాలు పరుగెత్తాలి. ఒకే గొంతుతో, కొద్ది రోజుల తేడాతో రెండూ పాడటం అప్పట్లో ఎవరూ ఊహించనిది.

ఈ రెండో రకాన్నే బెల్ కాంటో అంటారు. ఇటాలియన్‌లో అందమైన గానం అని అర్థం. ఊపిరి తెగకుండా సాగే పొడవాటి వరసలు, వాటి మీద మెరుపుల్లా వచ్చే స్వరాలు. మన సంగతులు గుర్తొస్తాయి కానీ అదీ ఇదీ ఒకటి కాదు. బెల్లీనీ రాసిన ‘నార్మా’ 1831 డిసెంబర్ 26న మిలాన్‌లోని లా స్కాలాలో మొదటిసారి వేశారు. తొలి నార్మా జుడిట్టా పాస్తా. శత్రువైన రోమన్ అధికారిని రహస్యంగా ప్రేమించి ఇద్దరు పిల్లల్ని కన్న పూజారిణి కథ ఇది. అతను ఇంకో చిన్నపిల్ల అడల్జీసా వెంట పడతాడు. నార్మా కోపంతో పిల్లల్ని చంపబోయి చంపలేకపోతుంది. చివరకు తప్పు తనదేనని అందరి ముందూ ఒప్పుకుని చితి ఎక్కుతుంది. చంద్రుణ్ని ప్రార్థించే ‘కాస్తా దీవా’ పాటకే చాలామంది గాయనులు భయపడతారు. నిజానికి అసలు కష్టం ఆ తర్వాతే ఉంటుంది. ప్రేమ, పగ, తల్లి మనసు.. అన్నీ ఒకే గొంతులో పలకాలి.

కల్లాస్ ఈ పాత్రను 1948లో ఫ్లోరెన్స్‌లో మొదలుపెట్టి దాదాపు 90 సార్లు పాడారు. 1952లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో పాడినప్పుడు నార్మా చెలికత్తెగా చిన్న వేషం వేసిన అమ్మాయి పేరు జోన్ సదర్లాండ్. తర్వాత రోజుల్లో కల్లాస్‌తో పోల్చే మొదటి పేరు ఆమెదే అయింది.

ఇక రికార్డింగ్‌ల సంగతికి వద్దాం. 1954ది స్టూడియోలో చేసింది. కండక్టర్ సెరాఫిన్. కల్లాస్ గొంతు గట్టిగా, నిండుగా ఉంటుంది. లోపం ఎక్కడంటే పక్కవాళ్లలో. అడల్జీసాగా పాడిన స్టిన్యానీ గొప్ప గాయనే, కానీ అప్పటికి 50 దాటారు. పడుచుపిల్ల పాత్రలో ఆమె నార్మా కన్నా పెద్దగా వినిపిస్తారు. టెనార్ ఫిలిప్పెస్కీ అరవడం ఎక్కువ, పాడటం తక్కువ.

1955 డిసెంబర్ 7 నాటిది లా స్కాలా సీజన్ మొదటి రాత్రి. స్టేజ్ మీద పాడుతుండగా రికార్డయింది. సౌండ్ బాగోదు. గరగర ఉంటుంది. అయినా సరే, ఒక్కటే వినాలంటే ఇదే వినాలి. పక్కన డెల్ మోనాకో, సిమియోనాటో ఉన్నారు. అప్పటికి కల్లాస్ 30 కిలోలకు పైగా తగ్గి సన్నబడ్డారు. బరువుతో పాటే గొంతూ పోయిందనే వాదన ఇప్పటికీ ఉంది. ఆ రాత్రి వింటే ఆ మాట నమ్మబుద్ధి కాదు. పిల్లల దగ్గర కత్తి పట్టుకుని తడబడే ఘట్టంలో ఆమె గొంతు తగ్గించి పాడిన తీరు ఒళ్లు గగుర్పొడిచేలా ఉంటుంది.

1960ది మళ్లీ సెరాఫిన్‌తోనే, స్టీరియోలో. కొరెల్లీ, క్రిస్టా లుడ్విగ్ ఇద్దరూ అదరగొట్టారు. కానీ పై స్వరాల దగ్గర కల్లాస్ గొంతు స్పష్టంగా ఊగుతుంది. దాచలేదు, దాచడానికి వీల్లేదు కూడా. చిత్రం ఏమిటంటే, మోసపోయిన ఆడదాని బాధ ఈ రికార్డింగ్‌లోనే ఎక్కువ పలుకుతుంది.

సదర్లాండ్ 1964లో మెరిలిన్ హార్న్‌తో చేసిన రికార్డింగ్ పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ‘కాస్తా దీవా’ను కల్లాస్ కన్నా ఒక మెట్టు పైశ్రుతిలో, ముత్యాలు దొర్లినట్టు పాడారు ఆమె. స్వరాల అందం కావాలంటే సదర్లాండే. మాట మాటకూ అర్థం వినిపించాలంటే మాత్రం కల్లాస్ దగ్గరికి తిరిగి రావాల్సిందే.

ఆ ఆరేళ్లలో చాలా జరిగింది. 1958 జనవరి 2న రోమ్‌లో, ఇటలీ అధ్యక్షుడు చూస్తుండగా, మొదటి అంకం తర్వాత ‘నార్మా’ ఆగిపోయింది. గొంతు పూడుకుపోయి ఆమె ఇక పాడలేకపోయారు. బదులు పాడేవాళ్లను సిద్ధం చేయలేదు. పత్రికలు మాత్రం ఆమెదే పొగరన్నాయి. ఏళ్ల తర్వాత కోర్టులో ఆమే గెలిచారు. 1959లో ఓడల వ్యాపారి ఒనాసిస్ కోసం భర్తను వదిలారు. పాటలు తగ్గాయి. 1965 మే 29న పారిస్‌లో చివరి ఘట్టం మిగిలి ఉండగానే ఆమె కుప్పకూలారు. ఆమె నార్మాగా కనిపించిన ఆఖరి రాత్రి అదే. కొద్ది వారాలకే, జులై 5న, లండన్‌లో ‘టోస్కా’తో ఒపేరా స్టేజ్‌నే వదిలేశారు. 1968లో ఒనాసిస్ జాక్వెలిన్ కెన్నెడీని పెళ్లి చేసుకున్నాడు.

1973, 74లో టెనార్ డి స్టెఫానోతో కలిసి దేశదేశాలు తిరిగి కచేరీలు ఇచ్చారు. హాళ్లు నిండాయి, గొంతు మాత్రం మిగల్లేదు. జపాన్‌లోని సప్పొరోలో 1974 నవంబర్‌లో పాడిందే చివరిది. 1977 సెప్టెంబర్ 16న పారిస్‌లో గుండెపోటుతో చనిపోయారు. అప్పటికి ఆమె వయసు 53. రెండేళ్ల తర్వాత ఆమె అస్థికలను గ్రీసు తీరంలో, ఏజియన్ సముద్రంలో కలిపారు.