బోయి భీమన్న

బోయి భీమన్న (సెప్టెంబర్ 19, 1911 - డిసెంబర్ 16, 2005) ప్రముఖ తెలుగు కవి, నాటక రచయిత, ఉపాధ్యాయుడు, పాత్రికేయుడు, అనువాదకుడు. కోనసీమలోని ఒక పేద దళిత కుటుంబంలో పుట్టి, చదువునే ఆధారంగా చేసుకొని ఎదిగి, ఆ చదువు తనలాంటి పిల్లలందరికీ అందాలని జీవితాంతం రచనలు చేశాడు. ఆయన వ్రాసిన పాలేరు నాటకం, గుడిసెలు కాలిపోతున్నాయి కావ్యం తెలుగు సాహిత్యంలో ప్రసిద్ధి పొందాయి. భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీ, పద్మభూషణ్ పురస్కారాలతో సత్కరించింది.

జననం, నేపథ్యం

భీమన్న తూర్పు గోదావరి జిల్లా మామిడికుదురు గ్రామంలో నాగమ్మ, పుల్లయ్య దంపతులకు జన్మించాడు. గోదావరి పాయలైన వైనతేయ, వశిష్ఠల నడుమ ఉన్న ప్రాంతమిది. ధవళేశ్వరం వద్ద ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత, గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయను దాటి వచ్చిన కాలువ నీటితో ఈ లంకభూములు వరి పొలాలుగా, కొబ్బరి తోటలుగా మారాయి. అయితే ఆ పంటను పండించిన కూలీలలో అధికులకు సొంత భూమి లేదు. వారిలో ఎక్కువమంది దళితులు. ఊరికి దూరంగా పేటలలో, తాటాకు గుడిసెలలో నివసించేవారు.

అప్పటి గ్రామాలలో పాలేరుతనం సాధారణంగా ఉండేది. పాలేరు ఒక రైతు ఇంట ఏడాది కాలానికి కుదురుకొనేవాడు. జీతంగా ధాన్యం కొలిచేవారు. తండ్రి చేసిన అప్పుకు కొడుకు పనిలో చేరడమూ, బడికి వెళ్ళవలసిన వయసులో పిల్లలు పశువుల వెంట తిరగడమూ మామూలు విషయాలు. అంటరానితనం వలన బడిగుమ్మం దాకా వెళ్ళిన పిల్లలకు కూడా లోపల చోటు దొరకడం కష్టంగా ఉండేది. భీమన్న రచనలను అర్థం చేసుకోవడానికి ఈ నేపథ్యం తెలిసి ఉండడం అవసరం.

విద్య, ఉపాధ్యాయ వృత్తి

భీమన్న ఉన్నత విద్య కాకినాడలోని పిఠాపురం రాజా కళాశాలలో సాగింది. ఈ కళాశాలకు పూర్వం ప్రధానాచార్యుడిగా పనిచేసిన రఘుపతి వేంకటరత్నం నాయుడు కాకినాడలో దళిత విద్యార్థుల చదువుకు, వసతికి తోడ్పడిన సంఘసంస్కర్త. భీమన్న పట్టభద్రుడై, ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసి, కొంతకాలం పాఠశాలలలో ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. తరువాత పత్రికారంగంలోనూ, ఆపై ప్రభుత్వ సర్వీసులోనూ ఉన్నాడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ అనువాద శాఖకు సంచాలకుడిగా వ్యవహరించాడు. రాష్ట్ర శాసనమండలి సభ్యుడిగా కూడా ఉన్నాడు.

ఆయన బడిలో పాఠాలు చెప్పిన కాలం తక్కువే. కాని ఉపాధ్యాయుని దృష్టి ఆయన రచనలలో చివరివరకు నిలిచింది. బడిలోని ఉపాధ్యాయుడు తన ముందు కూర్చున్న పిల్లలకే చెప్పగలడు. బడికి రాని పిల్లలను, వారిని పంపలేని తల్లిదండ్రులను చేరుకోవడానికి భీమన్న నాటకాన్ని సాధనంగా ఎంచుకున్నాడు.

పాలేరు నాటకం

భీమన్న రచనలలో ప్రజలకు అత్యంత సన్నిహితమైనది పాలేరు. రైతు ఇంట పాలేరుగా ఉన్న ఒక దళిత బాలుడు చదువుకొని ప్రభుత్వాధికారి స్థాయికి ఎదగడం ఇందులోని ప్రధాన కథాంశం. నిరక్షరాస్యులు అధికంగా ఉన్న గ్రామాలలో పుస్తకం చేయలేని పనిని ఈ నాటక ప్రదర్శనలు చేశాయి. తమ ఇంటి పిల్లవాని వంటివాడు రంగస్థలం మీద అధికారిగా నిలబడడం చూసిన కూలీలకు చదువు అసాధ్యమైనది కాదన్న నమ్మకం కలిగింది. వెనుకబడిన వర్గాల పిల్లలు బడిలో చేరడానికి ఈ నాటకం ఎంతగానో తోడ్పడిందని సాహిత్య చరిత్రకారులు పేర్కొంటారు. కూలిరాజు ఆయన వ్రాసిన మరొక సాంఘిక నాటకం.

ఇతర రచనలు

భీమన్న డెబ్బైకి పైగా గ్రంథాలు రచించాడు. వీటిలో పద్య, గేయ, వచన కవితలు, నాటకాలు, వ్యాసాలు ఉన్నాయి.

జానపదుని జాబులు లేఖల రూపంలో సాగిన రచన. చదువుకొని కూడా పల్లెలోనే ఉండిపోయిన యువకుడు తన మిత్రునికి వ్రాసిన ఉత్తరాలుగా ఇది నడుస్తుంది. రైతు కష్టాలు, పంటకు గిట్టుబాటు ధర లేకపోవడం, పల్లె జీవితంలోని వెలుగునీడలు ఇందులో కనిపిస్తాయి. ఇందులోని భాగం ఆంధ్రప్రదేశ్ పదవ తరగతి తెలుగు వాచకంలో పాఠ్యాంశంగా చేరింది.

రాగవాశిష్ఠం అరుంధతీ వశిష్ఠుల కథ ఆధారంగా వ్రాసిన నాటకం. తెలుగువారి పెళ్ళిళ్ళలో వధూవరులకు అరుంధతీ నక్షత్రాన్ని చూపించడం ఆచారం. ఆ అరుంధతి దళిత స్త్రీ అన్న సంప్రదాయ కథను గ్రహించి, కులాంతర దాంపత్యానికి ఆ జంటనే ఆదర్శంగా భీమన్న నిలిపాడు.

గుడిసెలు కాలిపోతున్నాయి వచన కవితా కావ్యం. దళితుల గుడిసెలు తగలబడడం వెనుక ఉన్న సామాజిక కారణాలను ఇది ప్రశ్నిస్తుంది. ఈ కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ రచనలను భీమన్న తెలుగులోకి అనువదించాడు. వీటిలో కుల నిర్మూలన ముఖ్యమైనది. పాలేరు నుండి పద్మశ్రీ వరకు ఆయన ఆత్మకథ.

దృక్పథం

గుర్రం జాషువా, కుసుమ ధర్మన్న వంటి కవుల తరువాత దళిత జీవితాన్ని సాహిత్య వస్తువుగా చేసిన వారిలో భీమన్న ముఖ్యుడు. కులవ్యవస్థను ఆయన తీవ్రంగా ఖండించాడు. అయితే పురాణాలను, ప్రాచీన సంస్కృతిని పూర్తిగా నిరాకరించలేదు. ఆ వారసత్వంలో దళితులకూ భాగం ఉన్నదని, దానిని తిరిగి పొందాలని వాదించాడు. 1980ల తరువాత వచ్చిన దళిత కవులు పలువురు ఇందుకు భిన్నమైన మార్గాన్ని అనుసరించారు. పురాణాలను తిరస్కరించడమా, వాటికి కొత్త అర్థం చెప్పడమా అన్న చర్చలో భీమన్నది రెండవ పక్షం.

పురస్కారాలు, కుటుంబం

భీమన్నకు 1973లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ పురస్కారాలు లభించాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. భార్య హైమవతీ భీమన్న కూడా రచయిత్రి.

మరణం, స్మృతి

భీమన్న తన 94 ఏళ్ళ వయసులో 2005 డిసెంబర్ 16న మరణించాడు. 2022లో తూర్పు గోదావరి జిల్లా నుండి వేరుపడి ఏర్పడిన కోనసీమ జిల్లాకు అదే సంవత్సరంలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చారు. ఆ విధంగా అంబేద్కర్ రచనలను తెలుగువారికి అందించిన కవి జన్మించిన మామిడికుదురు అంబేద్కర్ పేరు గల జిల్లాలో భాగమైంది. ఒకప్పుడు పశువుల వెంట తిరగవలసి వచ్చిన పిల్లల మనుమలు, మునిమనుమలు భీమన్న రచనను బడిలో పాఠంగా చదువుకున్నారు.